ఓపెన్ బాఫిల్ స్పీకర్లు ఇంట్లోనే ఎలా చేసుకోవాలి?

ఓపెన్ బాఫిల్ అంటే పెట్టె లేకుండా, వెనక తెరిచి ఉండేలా స్పీకర్‌ను ఒక పలకకు బిగించడం. చాలామంది ప్లైవుడ్ ముక్కకు నడిమధ్యన రంధ్రం కోస్తారు. చేతికందిన స్పీకర్ ఏదో బిగిస్తారు. గోడకు ఆనించి పెట్టి పాట వేస్తారు. ఆపైన "బేస్ రావడం లేదు, ఓపెన్ బాఫిల్ అంటే ఉత్త మాటలే" అని తేల్చేస్తారు. కడపలో ఇలా తేల్చేసినవాళ్లను చాలామందిని చూశాను. రంధ్రం నడిమధ్యన ఉండటం, స్పీకర్ ఏదైతేనేం అనుకోవడం, గోడకు ఆనించడం, ఈ మూడూ తప్పే. వీటిని సరిచేసుకుంటే ఆంప్లిఫయర్‌తో కలిపి ఆరేడు వేల రూపాయల్లో పని అయిపోతుంది. ఆంప్ ముందే ఉంటే ఇంకా తక్కువ.

చేసే ముందు అసలు విషయం అర్థం కావాలి. స్పీకర్‌లో గరాటులా ఉండే కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలిని నెడుతుంది, అదే క్షణంలో వెనకున్న గాలిని లాగుతుంది. మధ్యలో అడ్డం లేకపోతే ముందు నెట్టిన గాలి అంచు చుట్టూ తిరిగి వెనక లోటును పూడ్చేస్తుంది. బేస్ మన చెవిదాకా రాకుండా అక్కడికక్కడే చెల్లిపోతుంది. పలక పని ఆ చుట్టుదారిని పొడవు చేయడం, అంతే. 2 అడుగుల వెడల్పు పలక అయితే సుమారు 200 హెర్ట్జ్ దాకా బేస్ బాగానే నిలుస్తుంది. అక్కడి నుంచి ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. పెళ్లి ఊరేగింపులో డీజే లాగా గుండెలు అదరాలనుకునేవాళ్లు ఈ పని పెట్టుకోవద్దు.

మరి పెట్టె ఎందుకు వద్దు? పెట్టెలో వెనక శబ్దం గోడలకు కొట్టుకుని, పలచటి కాగితం కోన్ గుండా ఆలస్యంగా బయటికొస్తుంది. ప్లైవుడ్ గోడలు కూడా తమ వంతు మోగుతాయి. మగవాళ్ల గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండేది అందుకే. పెట్టెతో మంచి స్పీకర్ చేయలేరని కాదు, కానీ లోపల అడ్డపట్టీలు, దూది, పోర్ట్ (గాలి గొట్టం) లెక్కలు అన్నీ సరిగ్గా కుదరాలి, అందుకు డబ్బూ కావాలి. తక్కువ ఖర్చులో గొంతు గొంతులా వినిపించేది ఓపెన్ బాఫిల్ ఒక్కటే. అమీన్ పీర్ దర్గా ఉరుసులో ఖవ్వాలీ నేరుగా కూర్చుని విన్నవాళ్లు, అదే ఖవ్వాలీ రికార్డింగ్ దీంట్లో ఒకసారి వినండి. చప్పట్లు, హార్మోనియం, వెనక కోరస్ దేనికది విడిగా తెలుస్తాయి.

ఇది కొత్త సంగతి కూడా కాదు. ఆకాశవాణి కడప కేంద్రం పెట్టుకుని విన్న పాత వాల్వ్ రేడియోల వెనక చూడండి, చిల్లులున్న పలచటి అట్ట తప్ప ఏమీ ఉండదు. ఆ రేడియోలో వార్తలు చదివే మనిషి గొంతు అంత సహజంగా ఉండటానికి ఒక కారణం ఆ వెనక తెరిచి ఉండటమే. హ్యూలెట్ ప్యాకార్డ్‌లో ఇంజినీరుగా పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, క్రాసోవర్ల (బేస్‌నూ పై శబ్దాలనూ విడగొట్టే సర్క్యూట్ల) విషయంలో ప్రపంచమంతా తెలిసిన మనిషి, దశాబ్దాల పాటు పెట్టె లేని స్పీకర్ల మీద పనిచేశాడు.

కావలసినవి: 18 ఎంఎం ప్లైవుడ్ సగం షీటు, అంటే 4 అడుగులకు 4 అడుగులు. 8 అంగుళాల ఫుల్ రేంజ్ (బేస్ నుంచి పై శబ్దాల దాకా ఒక్కటే పలికించే) స్పీకర్లు రెండు, 8 ఓమ్స్‌వి. 2.2 మిల్లీ హెన్రీ కాయిల్స్ రెండు, 5.6 ఓమ్స్ 10 వాట్ల రెసిస్టర్లు రెండు. నట్లు, బోల్టులు, ఎల్ పట్టీలు, తలుపులకు అంటించే ఫోమ్ టేపు, స్పీకర్ వైరు. కింద బరువుకు రెండు కడప బండ ముక్కలు. ఆంప్ చానెల్‌కు 20 వాట్లు ఇస్తే చాలు. ప్లైవుడ్ బదులు పార్టికల్ బోర్డు ఇస్తానంటే షాపులోంచి బయటికి వచ్చేయండి. దాంట్లో స్క్రూ నిలవదు, తడి తగిలితే ఉబ్బుతుంది.

స్పీకర్ ఎంచుకునేటప్పుడు పెద్ద మ్యాగ్నెట్ చూసి మోసపోవద్దు. పెద్ద మ్యాగ్నెట్ కోన్‌ను గట్టిగా అదుపులో పెడుతుంది, పెట్టెలో అది మంచిదే. పలక మీద మాత్రం బేస్ ఎండిపోతుంది. స్పీకర్‌తో కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో క్యూటీఎస్ అని, కోన్ ఎంత అదుపులో ఉందో చెప్పే ఒక అంకె ఉంటుంది, అది 0.7 దరిదాపుల్లో ఉండాలి. 0.3, 0.4 ఉన్నవి పెట్టెల కోసం చేసినవి. ఆ వివరాల కాగితమే లేకపోతే మోస్తరు మ్యాగ్నెట్, తేలికైన కాగితం కోన్, మధ్యలో ఇంకో చిన్న కోన్ ఉన్న పాత రకం ఫుల్ రేంజ్ తీసుకోండి. నాలుగు వేళ్లతో కోన్‌ను సమంగా, మెల్లగా నొక్కి చూడండి. లోపల గీరుకున్న చప్పుడు వస్తే వద్దు. ప్లాస్టిక్ కోన్ నేనైతే ముట్టుకోను.

ప్లైవుడ్‌ను షాపులోనే 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న రెండు పలకలుగా కోయించండి. ఇంట్లో చేత్తో కోస్తే అంచు వంకర పోతుంది.

ఇప్పుడు రంధ్రం. ఈ పని ఒక్కటి చెడితే పలక మొత్తం పోయినట్టే, అందుకే ఆగి ఆగి చేయండి.

మొదట, ఎక్కడ కోయాలి. నడిమధ్యన ఎందుకు వద్దంటే, అన్ని అంచులూ సమాన దూరంలో ఉంటే వెనక శబ్దం అన్ని వైపుల నుంచీ ఒకే సమయానికి ముందుకొస్తుంది. 2 అడుగుల పలకలో దాని దెబ్బ 1100 హెర్ట్జ్ ప్రాంతంలో పడుతుంది, సరిగ్గా గొంతు ఉండే చోట. అక్కడ ఒక గుంట ఏర్పడి పాడే మనిషి వెనక్కి వెళ్లిపోయినట్టు ఉంటుంది. కాబట్టి ప్రతి అంచుకూ దూరం వేరుగా ఉండాలి. నా కొలతలు ఇవి: రంధ్రం మధ్య బిందువు ఒక పక్క అంచు నుంచి 10 అంగుళాలు, రెండో పక్క నుంచి 14, పై నుంచి 12, నేల నుంచి 36. కుర్చీలో కూర్చుంటే చెవి ఈ 36 అంగుళాల ఎత్తుకే వస్తుంది. మీ ఇంట్లో చాప మీద కూర్చుని వినే అలవాటుంటే 28 అంగుళాలకు దించండి.

రెండోది, రెండు పలకలూ అద్దంలో చూసుకున్నట్టు ఉండాలి. ఒకదానికి రంధ్రం కుడివైపు జరిగితే రెండోదానికి ఎడమవైపు జరగాలి. మేస్త్రీకి ఒక పలక చూపించి "ఇలాంటిదే ఇంకొకటి" అంటే ఆయన అచ్చం అలాంటిదే కోస్తాడు, తప్పు ఆయనది కాదు. గీత గీయకముందే రెండు పలకల మీద పెన్సిల్‌తో పెద్దగా ముందు, వెనక, ఎడమ, కుడి, పైన అని రాయండి. గోడ పక్కన నిలబెట్టి ఒకసారి చూసుకోండి. నిలబెట్టినప్పుడు రంధ్రాలు రెండూ ఒకదానివైపు ఒకటి, లోపలి అంచులకు దగ్గరగా రావాలి. బయటికి పెట్టేవాళ్లూ ఉన్నారు, కానీ పాడే గొంతు మధ్యలో గట్టిగా నిలబడేది లోపలికి పెట్టినప్పుడే.

మూడోది కొలత. 8 అంగుళాల స్పీకర్ అంటే 8 అంగుళాల రంధ్రం అనుకుని కోసేస్తారు. స్పీకర్ నేరుగా అవతలికి జారిపోతుంది. 8 అంగుళాలనేది బయటి చట్రం కొలత. పలకలోకి దిగేది వెనక ఉన్న బుట్ట, అది చాలావాటికి 7 అంగుళాలకు కాస్త పైన ఉంటుంది. కంపెనీ కాగితాన్ని కూడా నమ్మొద్దు. స్పీకర్‌ను తలకిందులుగా పెట్టి, బుట్ట చట్రానికి కలిసే చోట దారం చుట్టి చుట్టుకొలత తీసుకుని, 3.14తో భాగించండి. వచ్చిన వ్యాసానికి 3 ఎంఎం కలపండి. ఆ కొలతతో అట్ట ముక్క కోసి దాంట్లో స్పీకర్ దించి చూడండి. రెండు స్పీకర్లనూ దించాలి, ఒకే కంపెనీవి అయినా సరే. అట్టలో సరిగ్గా కూర్చున్నాకే చెక్క మీద గీయండి.

జిగ్‌సా (వంపులు కోసే కరెంటు రంపం) పట్టే ముందు గీతకు లోపలివైపు 10 ఎంఎం డ్రిల్‌తో ఒక చిల్లు వేసి బ్లేడు అందులోంచి మొదలుపెట్టండి. సన్నపళ్ల బ్లేడే వాడాలి. తొందరపెడితే బ్లేడు కింద వాలిపోతుంది, పైన గుండ్రంగా ఉన్న రంధ్రం కింద కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. గీతకు ఒక ఎంఎం లోపలే కోసి మిగతాది ఉప్పు కాగితంతో సరిచేసుకోండి. ఎక్కువ కోసింది మళ్లీ అతుక్కోదు.

నాలుగోది, ఎవరూ చేయనిది: వెనక అంచును ఏటవాలుగా చెక్కడం. 18 ఎంఎం మందం చెక్కలో స్పీకర్ బుట్ట దిగినప్పుడు, బుట్ట పక్క కిటికీలు చాలావరకు చెక్కకే ఎదురుగా మూసుకుపోతాయి. వెనక శబ్దం చిన్న గొట్టంలో ఇరుక్కున్నట్టు అవుతుంది. అలా అయితే పెట్టె మానేసి కూడా పెట్టె మోతే వింటారు. రంధ్రం వెనక అంచును 45 డిగ్రీల వాలులో, సుమారు 12 ఎంఎం లోతు దాకా చెక్కించండి. రౌటర్ మెషిన్ ఉన్న మేస్త్రీకి ఇది నిమిషాల పని, లేకపోతే ఆకురాయితో ఓపికగా. బోల్టులు పడే చోట్ల మాత్రం ఒక్కొక్క అంగుళం వెడల్పున చెక్కను పూర్తి మందంతో వదిలేయాలి. అక్కడ కూడా చెక్కేస్తే బోల్టు పట్టుకోవడానికి చెక్క మిగలదు, నెల తిరక్కుండానే గరగర మొదలవుతుంది. వెనక చెక్కాక పలకను ముందు వెనకలు తిప్పి వాడుకోవడం కుదరదు. పెన్సిల్‌తో ముందు, వెనక అని రాయమన్నది అందుకే.

మిగతా పని సులువు. చట్రం కింద ఫోమ్ టేపు వేసి, స్పీకర్‌ను ముందు నుంచి దించి, ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగించండి. ఒకే బోల్టును పూర్తిగా బిగిస్తే చట్రం మెలితిరుగుతుంది. వెనకవైపు నిలువుగా ఒక చెక్క పట్టీ ఫెవికాల్‌తో, స్క్రూలతో వేయండి, పలక వణకదు.

నిలబెట్టడానికి కడప బండకు మించింది లేదు. ఒక అడుగు వెడల్పు, 2 అడుగుల పొడవు, 20 ఎంఎం మందం ముక్క దాదాపు 10 కిలోలు తూగుతుంది. బండలు కోసే చోట తునకలు చవగ్గా ఇస్తారు, బోల్టు చిల్లులు కూడా అక్కడే వేయించుకోండి. పలక అడుగు అంచును నేల మీదే ఆనించి, బండను వెనకవైపు పెట్టి ఎల్ పట్టీలతో కలపండి. అందానికని కాళ్లు పెట్టి పలకను పైకి లేపొద్దు. కింద సందులోంచి గాలి తిరిగి బేస్ తగ్గిపోతుంది.

వైరింగ్‌లో కాయిల్‌నూ రెసిస్టర్‌నూ పక్కపక్కన జంటగా (పారలల్‌గా) కలిపి, ఆ జంటను స్పీకర్ ప్లస్ వైరులో పెట్టండి. బేస్ కాయిల్ గుండా దాదాపు తగ్గకుండా వెళ్తుంది, పై శబ్దాలు రెసిస్టర్ గుండా వెళ్లి నాలుగైదు డెసిబెల్స్ తగ్గుతాయి. అలా రెండూ సమానమవుతాయి. దీనికి బదులు ఆంప్ మీద బేస్ నాబ్ తిప్పితే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. 6 డెసిబెల్స్ పెంచడమంటే నాలుగు రెట్ల పవర్ పంపడం. పెట్టెలో అయితే లోపలి గాలి కోన్‌ను స్ప్రింగ్‌లా ఆపుతుంది, ఇక్కడ ఆపేదేమీ లేదు. కోన్ హద్దు దాటి ఊగుతుంది, వాయిస్ కాయిల్ (కోన్‌కు అంటి ఉన్న తీగచుట్ట) వెనక కొట్టుకుని పాడవుతుంది. బేస్ నాబ్ మధ్యలోనే ఉంచండి.

ప్లస్, మైనస్ చూసుకోవడానికి 1.5 వోల్టుల సెల్ తీసుకుని, దాని ప్లస్‌ను స్పీకర్ ప్లస్ వైరుకు, మైనస్‌ను మైనస్ వైరుకు ఒక్క క్షణం తాకించండి. రెండు కోన్‌లూ ముందుకే కదలాలి. ఒకటి వెనక్కి వెళ్తే దాని వైర్లు మార్చండి, లేకపోతే బేస్ మాయమవుతుంది.

చివరికి ఎక్కడ పెట్టాలి. వెనక గోడకు కనీసం 3 అడుగులు వదలాలి, దీంట్లో బేరం లేదు. వెనక శబ్దం గోడకు తగిలి తిరిగొచ్చేసరికి 6 అడుగులు నడిచి ఉంటుంది. ఆ కొద్ది ఆలస్యం వల్లే చెవి దాన్ని గది వెడల్పుగా తీసుకుంటుంది. దగ్గరగా పెడితే అదే శబ్దం ముందు శబ్దంతో కలిసి బురద అవుతుంది. పక్క గోడలతో అంత భయం లేదు. పక్కలకు ముందు శబ్దం, వెనక శబ్దం ఒకదాన్నొకటి చంపుకుంటాయి కాబట్టి ఒక అడుగు దూరం చాలు. మన చిన్న గదులకు ఇది పెద్ద లాభం. ఇనుప బీరువా మాత్రం పలక వెనక ఉండకూడదు, గలగలమంటుంది. నేల బండలదైతే మీకూ స్పీకర్లకూ మధ్య జంపఖానా పరవండి.

ముందుగా పాట వేయకండి, మాట్లాడే మనిషి రికార్డింగ్ ఒకటి వేయండి. గొంతు రెండు పలకల నడుమ గాలిలోంచి రావాలి. పలచగా ఉంటే పలకలను గోడవైపు అంగుళం అంగుళంగా జరపండి, 3 అడుగుల లోపలికి మాత్రం పోవద్దు. మొద్దుగా ఉంటే ముందుకు లాగండి. గొంతు కుదిరాకే వీణ, తర్వాత డోలు. దుమ్ము కోసం వెనక గుడ్డ కట్టాలనుకుంటే పలచటి నూలు గుడ్డే కట్టండి, నోటితో ఊదితే గాలి అవతలికి రావాలి. రెక్సిన్ గానీ దుప్పటి గానీ కప్పితే తెరిచిన వెనకను మళ్లీ మూసినట్టే.