ఒకే రంగును రెండుగా చూపించడం: జోసెఫ్ ఆల్బర్స్ పాఠం

1933లో జర్మనీ నుండి అమెరికా చేరి, మొదట నార్త్ కరోలినాలోని బ్లాక్ మౌంటెన్ కళాశాలలోనూ, 1950 నుండి యేల్ విశ్వవిద్యాలయంలోనూ బోధించిన చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్, రంగును సిద్ధాంతంతో కాక ముందు కంటితో నేర్చుకోవాలని పట్టుబట్టారు. తర్వాత పేరుపొందిన కళాకారులు రాబర్ట్ రౌషెన్‌బర్గ్, రూత్ అసావా, ఈవా హెస్ ఆయన శిష్యులే; ముగ్గురివీ మూడు వేర్వేరు దారులు కావడమే ఆ బోధన గొప్పతనమని నేను భావిస్తాను. ఆయన తరగతిలోని ఈ అభ్యాసాన్ని ఇంట్లోనే చేయవచ్చు.

కుంచెకు బదులు రంగు కాగితాలు తీసుకోండి, ఎందుకంటే రంగులు కలిపిన ప్రతిసారీ ఛాయ కొంత మారుతుంది. ఒకే కాగితం నుండి రెండు చిన్న ముక్కలు కత్తిరించి, ఒకదాన్ని ముదురు కాగితంపై, మరొకదాన్ని లేత కాగితంపై ఉంచితే, మొదటిది లేతగానూ రెండవది ముదురుగానూ కనిపిస్తుంది. అసలు శ్రమ నేపథ్యాల ఎంపికలో ఉంది: ముక్క రంగు ఆ రెండింటికీ నడుమ ఉండాలి కనుక, తేడా స్పష్టమయ్యే వరకు కాగితాలను ఓపికగా మార్చి చూడాలి. ముక్కలు చిన్నవిగా, నేపథ్యాలు విశాలంగా ఉంటే ఫలితం బాగుంటుంది. చివరగా నేపథ్యాలను కప్పివేసి, రెండు ముక్కలూ ఒకే రంగువని నిర్ధారించుకోండి.

ఇది కుదిరాక, రెండు వేర్వేరు రంగులను ఒకటిగా కనిపించేలా చేసే కఠినమైన అభ్యాసానికి వెళ్లవచ్చు.