లైనక్స్ స్వయంబోధిని, 5వ పాఠం: మినిమైజ్ బటన్ ఏమైంది?

నాలుగో పాఠంతో డెబియన్ 12 అనే లైనక్స్ ఎక్కించడం అయింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది కాబట్టి, శ్రీకాకుళం, ఆమదాలవలస, రాజాం వైపు నెట్ సెంటర్లలో ఉన్న పాత సిస్టమ్‌లకు ఇదొక మంచి దారి. కానీ గ్నోమ్ (డెబియన్‌లో తెర, విండోలు, మెనూలు చూపించే డెస్క్‌టాప్) మొదటిసారి తెరిస్తే చెయ్యి ఆడదు. విండో మూలన ఇంటూ మార్కు ఒక్కటే ఉంటుంది, కింద పట్టీ ఉండదు, డెస్క్‌టాప్ ఖాళీగా ఉంటుంది. ఇన్‌స్టాల్‌లో తేడా ఏమీ జరగలేదు. ఇది ఇలాగే వస్తుంది.

2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు కూడా ఇదే గోల. లైనక్స్ కెర్నెల్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే ఆ ఏడాది విసిగి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్‌కి మారారు. 2013లో మళ్లీ గ్నోమ్‌కి వచ్చారు. గ్నోమ్ 2ని వదల్లేనివాళ్లు దాన్నే మేట్ అనే పేరుతో బతికించుకున్నారు. లైనక్స్ మింట్ అనే మరో లైనక్స్ వాళ్లు సిన్నమన్ అనే సొంత డెస్క్‌టాప్ కట్టుకున్నారు. కోపం న్యాయమైనదే. అయితే కోపంతో దొరికిన ఎక్స్‌టెన్షన్ (గ్నోమ్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) అల్లా వేసేసుకోవడం మాత్రం తప్పు. ఎందుకో కింద చెబుతాం.

ముందు మినిమైజ్ సంగతి. కింద పట్టీ తీసేశాక, మినిమైజ్ చేసిన విండోకి దిగే చోటే లేకుండా పోయింది. అందుకే బటన్ కూడా తీసేశారు. దాన్ని తెచ్చుకోవడం తేలికే: ట్వీక్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి, విండో టైటిల్‌బార్స్‌లో మినిమైజ్, మ్యాక్సిమైజ్ రెండూ ఆన్ చేయండి. చాలామంది ఇక్కడితో ఆగిపోయి, కాసేపటికి "విండో మాయమైపోయింది" అంటారు. మాయం కాలేదు. విండోస్ కీ నొక్కితే వచ్చే యాక్టివిటీస్ తెరలో, మినిమైజ్ చేసిన విండోల బొమ్మలు కూడా కనిపిస్తాయి, కావలసినదాన్ని నొక్కాలి. కింద ఐకాన్ల వరుసలో ఆ ప్రోగ్రామ్ దగ్గర చుక్క ఉంటుంది, ఆ ఐకాన్ నొక్కినా సరే. లేదా ఆల్ట్ ట్యాబ్. అంటే బటన్ ఒక్కటే తెస్తే సగం వైద్యమే. పట్టీ కూడా తేవాలి.

పట్టీ కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఎక్స్‌టెన్షన్స్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే అందులో విండో లిస్ట్ ఉంటుంది. ఆన్ చేయగానే తెర అడుగున పట్టీ వస్తుంది, లాగౌట్ అక్కర్లేదు. దాని సెట్టింగ్స్‌లో విండో గ్రూపింగ్‌ను నెవర్‌లో పెట్టండి. అప్లికేషన్స్ మెనూ కూడా ఆన్ చేస్తే పై ఎడమ మూలన పాత తరహా మెనూ వస్తుంది.

డాష్ టు ప్యానెల్ అనే బయటి ఎక్స్‌టెన్షన్ ఇచ్చే పట్టీ ఇంతకంటే అందంగా ఉంటుంది, కాదనం. తేడా ఎక్కడంటే, విండో లిస్ట్ గ్నోమ్ వాళ్లే ప్రతి వెర్షన్‌తో కలిపి ఇచ్చేది. బయటివాళ్ల ఎక్స్‌టెన్షన్ తాను ఏ గ్నోమ్ వెర్షన్లకు పనిచేస్తుందో తనలోనే రాసుకుంటుంది. వెర్షన్ మారి, అందులో ఆ అంకె లేకపోతే లేవదు. 2023 సెప్టెంబరులో గ్నోమ్ 45 వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్ రాసే పద్ధతే మారింది, అంతకుముందువన్నీ తిరగరాయాల్సి వచ్చింది. డెబియన్ 12లో ఉన్నది గ్నోమ్ 43, డెబియన్ 13లో 48. అప్‌గ్రేడ్ చేసిన రోజు మీ పట్టీ లేకపోతే కారణం ఇదే. వెబ్‌సైట్ నుంచి దించినవి కాకుండా డెబియన్ భాండాగారంలోవే (డెబియన్ వాళ్లు తమ వెర్షన్‌కి సరిపడేలా ఉంచినవే) వాడితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, ఆల్ట్ ట్యాబ్. ఫైర్‌ఫాక్స్‌లో రెండు విండోలు ఉన్నాయనుకోండి: ఒకదాంట్లో బొబ్బిలి నుంచి వచ్చినాయన దరఖాస్తు, ఇంకోదాంట్లో ఆయన వెనక నిల్చున్నామెది. గ్నోమ్ ఆల్ట్ ట్యాబ్ ప్రోగ్రామ్‌లను మారుస్తుంది, విండోలను కాదు. రెండు ఫైర్‌ఫాక్స్‌లూ ఒకే ఐకాన్. చూసుకోకుండా ఎంటర్ కొడితే ఒకరి ఆధార్ నంబరు ఇంకొకరి ఫారంలో పడుతుంది. దీనికి సెట్టింగ్స్, కీబోర్డ్, షార్ట్‌కట్లు, నావిగేషన్ వరసలో వెళ్లి స్విచ్ విండోస్ మీద నొక్కి ఆల్ట్ ట్యాబ్ కొట్టండి. అది వేరేదానికి వాడుకలో ఉందంటుంది, రీప్లేస్ నొక్కండి. మార్చడం ఇష్టం లేకపోతే, ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ పైనున్న కీ నొక్కితే ఒకే ప్రోగ్రామ్ విండోలు మారతాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో ఒత్వం పడేది ఆ కీతోనే. భయం లేదు, గ్నోమ్ ఇక్కడ అక్షరాన్ని కాదు, కీ ఉన్న చోటును చూస్తుంది.

ఫారం నింపేవాళ్లకు మరో రెండు: విండోస్ కీతో ఎడమ బాణం, కుడి బాణం. స్కాన్ చేసిన కాగితం సగం తెరలో, ఫారం మిగతా సగంలో. నడుస్తున్న ప్రోగ్రామ్ ఐకాన్ నొక్కితే కొత్త విండో రాదు, పాతదే ముందుకొస్తుంది. కొత్తది కావాలంటే కంట్రోల్ పట్టుకుని నొక్కాలి.

డెస్క్‌టాప్ ఐకాన్లు 2018లో వచ్చిన గ్నోమ్ 3.28తో పోయాయి. ఫైళ్లు మాత్రం డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో భద్రంగానే ఉంటాయి. రోజూ వాడే ఫోల్డర్ తెరిచి కంట్రోల్ డి కొడితే ఎడమ పట్టీలో నిలుస్తుంది. ఐకాన్ల కోసం ఇంకో ఎక్స్‌టెన్షన్ మొయ్యడం కంటే మాకు ఇదే నచ్చుతుంది.

వారం వాడినా కుదరకపోతే గ్నోమ్ క్లాసిక్ ప్రయత్నించండి. 2013లో గ్నోమ్ 3.8తో వచ్చింది, పైన చెప్పిన ఎక్స్‌టెన్షన్ల కట్టే అది. లాగిన్ తెరలో ముందు మీ పేరు నొక్కాలి, అప్పుడే కుడి అడుగున పళ్లచక్రం గుర్తు వస్తుంది. పేరు నొక్కకుండా వెతికితే కనబడదు. అందులో గ్నోమ్ క్లాసిక్ ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టండి. తరవాతి లాగిన్‌కీ అదే గుర్తుంటుంది.

సిస్టమ్‌లో ర్యామ్ 4 జీబీయే ఉండి బ్రౌజర్ తెరవగానే మొరాయిస్తుంటే మాత్రం ఈ పాట్లు వద్దు, మేట్ వేసుకోండి. గ్నోమ్ పక్కనే దాన్ని ఎక్కించడం ఆరో పాఠంలో.