అమ్మమ్మ జీవితాన్ని రాసిపెట్టుకోవడం: సంవత్సరీకం లోపల చేయవలసిన పనులు

అమ్మమ్మ పోయిన పదిరోజుల్లో మా ఇంటికి వచ్చిన ప్రతివారూ "మహాతల్లి" అన్నారు, "ఇల్లాలంటే ఆవిడే" అన్నారు. ఆ మాటలన్నీ నిజమే కాని, వాటిని అలాగే రాసిపెడితే ఇరవై ఏళ్ల తర్వాత చదివే మునిమనవడికి అవి ఏ ఇంటి అమ్మమ్మకైనా సరిపోయే మాటలుగానే కనిపిస్తాయి. 1956లో నెల్లూరు నుంచి మద్రాసు పశ్చిమ మాంబలానికి కోడలిగా వచ్చి, అరవై ఏళ్లకు పైగా అక్కడే కాపురం చేసిన మా అమ్మమ్మ గురించి సంవత్సరీకం నాటికి చిన్న పుస్తకం సిద్ధం చేసే పని నా చేతికి వచ్చినప్పుడు, నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: గుణం రాయకూడదు, పని రాయాలి. "భక్తురాలు" అని రాయడానికి బదులు ఆమె ఎన్నింటికి లేచేది, ఏం చదివేది, ఎంతసేపు కూర్చునేది, ఆ వేళ ఇంట్లో ఎవరు ఏడిస్తే పూజ మధ్యలో లేచేది అన్నవి రాయాలి. చెన్నైలోని మనవంటి తెలుగు కుటుంబాలకు పనికివస్తుందని ఆ అనుభవాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి నెలలోనే చేయవలసినవి

అన్నిటికంటే ముందు మాసం, పక్షం, తిథి, పోయిన గంట ఒక కాగితం మీద రాసి పెట్టండి. కార్పొరేషన్ ఇచ్చే మరణ ధ్రువపత్రంలో ఇంగ్లీషు తేదీ మాత్రమే ఉంటుంది. తిథి రోజు మధ్యలో మారవచ్చు కాబట్టి గంట తెలియకపోతే తరువాత పంచాంగం చూసినా అనుమానం తీరదు. మన ఊళ్లో దీనికి మరొక చిక్కు ఉంది. తమిళుల ఇళ్లలో ఆబ్దికానికి సాధారణంగా సౌరమానపు నెలను లెక్కిస్తారు, మనం చాంద్రమానపు నెలను లెక్కిస్తాం. పురోహితులు తమిళులైతే మన లెక్క ఏదో ముందే చెప్పాలి, లేకపోతే కొన్ని సంవత్సరాలలో నెల తేడా వస్తుంది.

ఆమె బీరువాను అప్పుడే ఖాళీ చేయవద్దు. చీరలు పంచుకోవాలన్న తొందర ప్రేమతోనే వస్తుంది, దానిని నేను తప్పు పట్టను. అయినా ఒక్క చీర కూడా కదలకముందు ప్రతి అరనూ ఫోటో తీయండి, ఏది ఎక్కడ, దేనిలో చుట్టి దాచుకుందో రాయండి. ఒక మనిషి దేనిని విలువైనదిగా చూసిందో ఆ అమరికే చెబుతుంది.

ఫోను సంగతి మరీ ముఖ్యం. రీచార్జ్ ఆగిన నంబరును కొంతకాలానికి కంపెనీ మరొకరికి ఇచ్చేస్తుంది, కాబట్టి అమ్మమ్మ పంపిన వాట్సాప్ గొంతు సందేశాలను ఆమె ఫోను నుంచీ, బంధువులందరి ఫోన్ల నుంచీ వెంటనే తీసి రెండు మూడు చోట్ల భద్రపరచండి. "బస్సు దొరికిందా, అన్నం తిన్నావా" అన్న పదిసెకన్ల సందేశాన్ని పనికిరానిదని ఎవరైనా తుడిచేయబోతే దయచేసి ఆపండి.

ఎవరిని, ఎలా అడగాలి

వయసులో పెద్దవారితో మొదలుపెట్టాలి; ఈ ఒక్క విషయంలో వాయిదా పనికిరాదు. అమ్మమ్మ చెల్లెళ్లు, తోటికోడళ్లు, పాత ఇంటి పక్కవాటా వారు, ముప్పై ఏళ్లు పువ్వులు తెచ్చిన అమ్మ, వీరందరికీ మనకు తెలియని అమ్మమ్మ తెలుసు. మాకు పువ్వులమ్మే ఆమె తమిళంలో చెప్పిన సంగతులు మా మామయ్యలకు కూడా తెలియవు. ఆమె కూతురి ప్రసవానికి అమ్మమ్మ తన గాజుల జత తాకట్టు పెట్టిందట.

"ఏ సంవత్సరంలో జరిగింది?" అని అడిగితే పెద్దవారు తడబడతారు. వారి జ్ఞాపకానికి కొక్కేలు వేరుగా ఉంటాయి. "పొట్టి శ్రీరాములుగారు పోయినప్పుడు మీరు ఏ ఇంట్లో ఉన్నారు?" అని అడగండి, మైలాపూరులో 58 రోజుల నిరాహారదీక్ష తరువాత ఆయన 1952 డిసెంబరు 15న కన్నుమూశారు, ఆనాటి పిల్లలకు కూడా ఇంట్లో పెద్దల ముఖాలు గుర్తుంటాయి. ఎం.జి.ఆర్. పోయిన 1987 డిసెంబరు, సునామీ వచ్చిన 2004 డిసెంబరు, వరదలు ముంచిన 2015 డిసెంబరు మద్రాసువారు మరిచిపోలేని నెలలు. వాటికి ముందా వెనకా అని అడుగుతూ పోతే మిగిలిన సంఘటనలన్నీ వరుసలో పడతాయి.

పుట్టిన సంవత్సరం విషయంలో మాత్రం జాగ్రత్త. అమ్మమ్మ తాను బహుధాన్య మాఘమాసంలో పుట్టానని చెప్పేది. బహుధాన్య 1938 ఉగాదితో మొదలైంది కాబట్టి మా వాళ్లందరూ 1938 అనే రాస్తూ వచ్చారు. కాని ఆ ఏటి మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయింది, అది 1939 జనవరి, ఫిబ్రవరి నెలలలో పడింది. పుష్యం చివర, మాఘం, ఫాల్గుణాలలో పుట్టినవారందరికీ ఈ సవరణ అవసరమవుతుంది.

రాతపుస్తకాలు, డబ్బాలు, వంటలు

ఎక్కువ కాలం కూర్చోవలసింది ఇక్కడే. మా అమ్మమ్మ వదిలి వెళ్లిన వాటిలో పద్దుల పుస్తకాలు నాలుగు, రామకోటి పుస్తకాలు ఒక పెట్టె నిండా ఉన్నాయి.

పద్దుల పుస్తకాలపై తేదీ లేకపోయినా కాలం తెలుసుకోవచ్చు. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, 1964లో "నయా" అన్న మాటను తీసేశారు. అణాలు, బేడలు మాత్రమే ఉన్న పేజీలు ఆమె కొత్తకాపురం నాటివి. కొంతకాలం అణాలూ నయాపైసలూ కలిసి కనిపిస్తాయి. ధరలను మాత్రమే కాకుండా, ఎవరికోసం ఎంత ఖర్చయిందో కూడా చూడండి. పిల్లల ఫీజు, మామగారి మందులు, ఆడపడుచు కానుక అని వరుసగా రాసుకున్న నాలుగు పుస్తకాలలో తనకోసం అని రాసిన పద్దు నాకు రెండుచోట్ల మాత్రమే దొరికింది, రెండూ కళ్లజోడు బాగుచేయించినవే. ఆ రెండు పేజీలనూ పుస్తకంలో అచ్చు వేశాం, కింద ఏ వ్యాఖ్యా పెట్టలేదు.

రామకోటి అంటే ఎంత పనో లెక్కవేస్తేనే తెలుస్తుంది. రోజుకు వెయ్యిసార్లు రాసినా కోటి పూర్తికావడానికి పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్లకు పైగా పడుతుంది. ఆ పుస్తకాలను భద్రాచలం పంపేముందు ప్రతిదానిలో మొదటి, చివరి పేజీలను ఫోటో తీయండి, మధ్యలో అక్షరం మారిన చోట గుర్తు పెట్టండి. అమ్మమ్మ అక్షరాలు ఒకచోట క్రమంగా పెద్దవై, హఠాత్తుగా మళ్లీ చిన్నవయ్యాయి. అది శుక్లాల ఆపరేషను జరిగిన సంవత్సరం. మరొకచోట ఐదునెలలు ఒక్క నామం కూడా లేదు. తాతయ్య పక్షవాతంతో మంచాన పడి ఉన్న నెలలవి. ఆయనకు అన్నం తినిపించి, పక్క మార్చి, ఒళ్లు తుడిచిన చేతికి కలం పట్టే తీరిక దొరకలేదు. ఆమె భక్తిని చెప్పడానికి నిండిన పేజీలెంత అవసరమో ఆ ఖాళీ ఐదునెలలూ అంతే అవసరమని నా నమ్మకం.

వంటల విషయంలో కొలత పాత్రలను ఎవరికీ ఇచ్చేయకండి. ఆవకాయకు "వీశె" అని చెప్పిన చోట దాదాపు కిలో 400 గ్రాములు, "పలం" అన్నచోట సుమారు 35 గ్రాములు అని రాసుకోవచ్చు. సోల, గ్లాసు, చారెడు అన్నవాటికి ఏ పట్టికా పనిచేయదు. ఆమె వాడిన సోలనే తెచ్చి, ఉప్పుతో ఒకసారి, కారంతో ఒకసారి, ఆవపిండితో ఒకసారి నింపి విడివిడిగా తూయండి, ఎందుకంటే సోలెడు ఉప్పూ సోలెడు ఆవపిండీ ఒకే బరువు తూగవు. చేయి చూసి నేర్చుకున్న కోడలు ఉంటే ఆమెను వండమని, పక్కన నిలబడి రాసుకోవడం ఇంకా మంచిది.

ఫోటోలకు క్లుప్తంగా చెబుతాను. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన పాత ఫోటోను లాగవద్దు, మన సముద్రపు తేమకు పొర ఊడి వస్తుంది. అద్దం పైనుంచే స్కాన్ చేయించండి. విడి ఫోటోలను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయించి, పేర్లను బాల్‌పెన్నుతో కాక మెత్తని పెన్సిలుతో వెనుక అంచున రాయండి.

ఏ భాషలో, ఎలా అచ్చు వేయాలి

తెలుగులోనే రాయండి. కాని మన పిల్లల పరిస్థితి కూడా చూడాలి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత ఇక్కడి బడులలో తమిళం తప్పనిసరి అయింది, తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలు ఎక్కువయ్యారు. వారికోసం తమిళ లిపిలో తెలుగు రాయవచ్చునని కొందరు సలహా ఇచ్చారు. తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం ఉండటం వలన అమ్మమ్మ నెల్లూరు పలుకు దానిలో నిలవదు. అందుచేత మేము పుస్తకం మొత్తాన్ని మా అమ్మ చేత చదివించి రికార్డు చేసి, అమ్మమ్మ సందేశాలతో కలిపి పిల్లలకు ఇచ్చాం. డీటీపీ చేయించేటప్పుడు యూనికోడ్ ఫాంటు అడిగి, ఫైలు కూడా తీసుకోండి. పాత పద్ధతి ఫాంటులో చేసినది ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు అక్షరాలు సరిగా కనిపించవు, వెతకడానికీ వీలుకాదు.

రాసేటప్పుడు ఆమె పడిన బాధలను దాచవద్దు, బతికున్నవారిని నిందించేలా కూడా రాయవద్దు. ఆ భాగాలను అచ్చుకు ముందు పెద్దవారిలో ఇద్దరికి చదివి వినిపించండి. పుస్తకం చివర నాలుగైదు తెల్ల పేజీలు వదిలి, తప్పులు దిద్దమని కోరండి. మొదట తక్కువ ప్రతులే వేయించండి, ఎందుకంటే సవరణలు తప్పకుండా వస్తాయి.

మేము అరవై ప్రతులు వేసి సంవత్సరీకం నాడు భోజనాల తరువాత పంచాం. ఆమె దినచర్య గురించిన పేజీలో "అమ్మమ్మకు కాఫీ అలవాటు లేదు, పొద్దున్నే అందరికీ కలిపి ఇచ్చి తాను మజ్జిగ తాగేది" అని రాశాం. ఇంట్లో అందరమూ అలాగే నమ్మాం. చిన్నమ్మమ్మ ఆ సాయంత్రమే తన ప్రతిని నాకు తిరిగి ఇచ్చింది. ఆ వాక్యం పక్కన పెన్సిలుతో రాసి ఉంది: "అక్కకు కాఫీ అంటే ప్రాణం. పాలు చాలక మానేసింది."