బెండకాయ మేలు పోకుండా, జిగురు తేలకుండా వేయించడం ఎలా?

బెండకాయ ముక్కల్ని గిన్నెడు నీళ్లలో వేసి పిసికి కడిగేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రెండు నిమిషాల్లో ఆ నీళ్లు గుడ్డు తెల్లసొనలా చిక్కబడతాయి. చెయ్యి పైకెత్తితే వేళ్ల సందుల్లోంచి తీగలు తీగలుగా జారుతుంది. హమ్మయ్య, జిగురు పోయిందనుకుని ఆ నీళ్లు సింకులో పారబోస్తారు. ఒంటికి మంచిదని తెచ్చుకున్న కాయలోంచి ఆ మంచి చేసేదాన్నే వదిలించుకుంటున్నామని చాలామందికి తెలియదు.

బెండకాయ జిగురు మురికి కాదు. అది నీటిలో కరిగే పీచు. పొట్టలోకి వెళ్లాక తిన్నదాన్ని కాస్త చిక్కగా చేస్తుంది, దాంతో చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా కాకుండా మెల్లగా చేరుతుంది. కాలేయం నుంచి వచ్చే పిత్తరసాన్ని కొంత పట్టుకుని మలంతో పాటు బయటికి పంపేస్తుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. మిగిలిన పీచు పెద్దపేగులోని మేలు చేసే బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. మలబద్ధకం ఉన్నవాళ్లకు బెండకాయ హాయిగా అనిపించేది ఇందుకే.

పచ్చి బెండకాయ 100 గ్రాములు తీసుకుంటే దాదాపు 90 గ్రాములు నీరే. 33 కేలరీలు, 3 గ్రాములకు పైగా పీచు, సుమారు 23 మిల్లీగ్రాముల విటమిన్ సి, 60 మైక్రోగ్రాముల ఫోలేట్ (ఇదీ ఒక బి విటమినే), 31 మైక్రోగ్రాముల విటమిన్ కె, 57 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 80 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, 300 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటాయి. ఇందులో విటమిన్ సి, ఫోలేట్ నీటిలో కరిగిపోయేవి, వేడికి తగ్గిపోయేవి. మెగ్నీషియం, పొటాషియం వేడికి పోవు గానీ, నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వార్చేస్తే వాటితో పాటే పోతాయి. విటమిన్ కె వేడిని బాగానే తట్టుకుంటుంది, పైగా అది ఒంటికి పట్టాలంటే కాస్త నూనె ఉండాలి. వీటన్నిటినీ కలిపి చూస్తే, కొద్ది నూనెలో, నీళ్లు పోయకుండా, మూత పెట్టకుండా వేయించడమే సరైన పద్ధతి.

కాబట్టి నేను చెప్పేది జిగురు తీసేసే పద్ధతి కాదు. జిగురు ముక్కలోనే ఉండాలి, నోటికి మాత్రం తగలకూడదు. దానికి సూత్రం ఒక్కటే, తడి తగలనివ్వకపోవడం.

కాయలు, సామాను

నలుగురికి అరకిలో లేత కాయలు సరిపోతాయి. వేలెడంత పొడవున్నవి తీసుకోండి. కొన పట్టుకుని వంచితే టక్కున విరగాలి. విరక్కుండా వంగితే ముదురు, అది ఎంత వేయించినా నోట్లో పీచు పీచుగానే ఉంటుంది. బెండకాయ పువ్వు పూసిన నాలుగైదు రోజులకే కోతకు వస్తుంది, ఇంకో రెండు మూడు రోజులు చెట్టున వదిలేస్తే ముదిరిపోతుంది. అందుకే ఒకే బుట్టలో లేతవీ ముదురువీ కలిసి ఉంటాయి. ఒక్కొక్కటీ చూసి ఏరుకోవాల్సిందే. కాయ మీద సన్నటి నూగు ఉంటే తాజాదని గుర్తు. ఎర్ర బెండకాయ దొరికినా తీసుకోవచ్చు, వండాక ఆ ఎరుపు పోయి ఆకుపచ్చగానే కనిపిస్తుంది. పాడైపోయిందని కంగారు పడకండి.

వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న బాణలి ఒకటి, అట్లకాడ ఒకటి, పొడి గుడ్డ ఒకటి, రెండు పెద్ద చెంచాల నూనె, ఉప్పు, కారం. అంతే. ఇనప మూకుడు మాత్రం వద్దు, బెండకాయ అందులో నల్లబడుతుంది. తింటే ప్రమాదమేమీ లేదు గానీ, నల్లగా ఉన్న కూరను పిల్లలు ముట్టరు.

కడగడం, కోయడం

కోయకముందే కడగాలి. కోశాక నీళ్లు చూపించకూడదు. కడిగి, జల్లెడలో వేసి, ఆ తర్వాత ఒక్కో కాయనూ గుడ్డతో తుడవండి. తొడిమ దగ్గర ఉన్న మడతలో నీటి బొట్టు నిలుస్తుంది, అక్కడ ప్రత్యేకంగా తుడవండి. తీరిక ఉంటే ఓ గంట గాలికి ఆరబెట్టండి. రాత్రే కడిగి గుడ్డ మీద పరిచి పెట్టుకుంటే పొద్దున్న తొందర ఉండదు.

కత్తి, కోత పీట, చేతులు కూడా పొడిగానే ఉండాలి. తొడిమ, కొన తీసేసి అర అంగుళం ముక్కలుగా అడ్డంగా కోయండి. మరీ సన్నగా తరిగితే కోసిన అంచులు ఎక్కువై జిగురు ఎక్కువ బయటికొస్తుంది. నిలువుగా చీల్చి కోసేవాళ్లున్నారు, గింజలన్నీ రాలిపోతాయి, అది నాకు అస్సలు నచ్చదు. ముక్కలు అడ్డంగానే కోయాలి.

బాణలిలో మొదటి పావుగంట

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. కూర చెడేది ఇక్కడే. అందుకే కాస్త ఓపిగ్గా చదవండి.

బాణలి ముందు బాగా వేడెక్కాలి. నూనె పోసి, అది కాగాక ముక్కలు వేసి, అడుగంతా పరుచుకునేలా సర్దండి. ఒకదాని మీద ఒకటి గుట్టగా పడకూడదు. బాణలి చిన్నదైతే రెండు వాయిలుగా వేయించండి. గుట్టగా ఉంటే కింది ముక్కల ఆవిరి పై ముక్కలకు పట్టి, వేగాల్సినవి ఉడికిపోతాయి. మంట మధ్యస్థంగా, కాస్త ఎక్కువ వైపే ఉండాలి. ముక్కలు వేసిన తర్వాత మూడు నిమిషాలు చెయ్యి పెట్టకండి.

అప్పుడు అట్లకాడ అడుగుదాకా పోనిచ్చి, కింది ముక్కలు పైకి వచ్చేలా ఒక్కసారి తిరగేయండి. మళ్లీ రెండు మూడు నిమిషాలు వదిలేయండి. అయిదో నిమిషం దాటాక జిగురు మొదలవుతుంది. అట్లకాడ పైకెత్తితే దానికీ ముక్కలకూ మధ్య సాలెగూడు దారాల్లాంటివి సాగుతాయి. బాణలి అంచులకు కూడా అంటుకుంటాయి. సరిగ్గా ఇప్పుడే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. కూర పాడైపోయిందనుకుంటారు. ఒకరు మూత పెడతారు, ఒకరు నీళ్లు చిలకరిస్తారు, ఇంకొకరు తొందరగా మగ్గుతుందని ఉప్పు వేస్తారు, లేకపోతే అదే పనిగా కలుపుతూ నిలబడతారు. ఈ నాలుగూ వద్దు.

అసలు జరిగేదేమిటంటే, కోసిన అంచుల నుంచి జిగురు పైకి వస్తోంది. దానికి నీళ్లు దొరికితే తాగి ఉబ్బుతుంది, పారుతుంది, తీగలు సాగుతుంది. నీళ్లు దొరక్కపోతే తనలో ఉన్న కాస్త తడీ వేడికి ఆవిరైపోయి, ముక్క మీదే సన్నటి పొరలా ఎండిపోతుంది. పీచు ఎక్కడికీ పోలేదు, ముక్కలోనే ఉంది. అది జారడమే ఆగిపోయింది. కాబట్టి తీగలు కనిపించడమంటే పని సగంలో ఉందని అర్థం, చెడిందని కాదు.

మూత పెడితే ఆవిరి మూతకు తగిలి బొట్లు బొట్లుగా మళ్లీ బాణలిలోనే పడుతుంది. అవి తాగి జిగురు రెట్టింపవుతుంది. మూత తీసేసరికి కూర కాస్తా ముద్దైపోయి ఉంటుంది. ఒక నిమిషమే కదా అని కూడా పెట్టకండి.

ఉప్పు ముక్కల్లోని నీటిని బయటికి లాగుతుంది. వంకాయకో, దొండకాయకో ముందే ఉప్పేస్తే త్వరగా మగ్గుతాయి, అక్కడ అది మంచిదే. బెండకాయకు అదే శత్రువు. కూర అంతా సరిగ్గానే చేసి, చేతి అలవాటు కొద్దీ ఉప్పు ముందే వేసి చెడగొట్టుకున్నవాళ్లను నేను లెక్కలేనంత మందిని చూశాను.

ఎక్కువగా కలిపితే మెత్తబడుతున్న ముక్కల అంచులు చితికి, గింజలు రాలి, లోపలి జిగురంతా బయటపడుతుంది. పావుగంటలో అయిదారు సార్లు తిరగేస్తే చాలు. గరిటెతో గుండ్రంగా తిప్పకండి. అట్లకాడతో కిందినుంచి ఎత్తి తిరగేయండి.

కంటితో పాటు చెవిని కూడా నమ్మండి. మొదట్లో బాణలిలోంచి వచ్చే చప్పుడు తడిగా, సుయ్యిమని ఉంటుంది. పది పన్నెండు నిమిషాలకు ఆ చప్పుడు తగ్గి, చిటపటమని పొడి చప్పుడు మొదలవుతుంది. అట్లకాడ ఎత్తి చూస్తే దారాలు రెండు మూడు మాత్రమే, అవీ సాగకుండా పుటుక్కున తెగిపోతుంటాయి. ముక్కలు సగానికి సగం తగ్గి, అంచుల్లో అక్కడక్కడా గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఒక ముక్క తీసి చల్లార్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూడండి. వేళ్లు విడదీసినప్పుడు తీగ రాకపోతే ఉప్పు వేసే సమయం వచ్చినట్టే.

ఇప్పుడు ఉప్పు చల్లి, తిరగేసి, మంట తగ్గించి ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉంచండి. చివరి నిమిషంలో కారం వేసి దించేయండి. మొత్తం ఇరవై నిమిషాలు. అంతకన్నా నల్లగా, కరకరలాడేలా వేయించాలన్న ఆశ వద్దు, ఎంత ఎక్కువసేపు పొయ్యి మీద ఉంటే విటమిన్ సి అంత తగ్గుతుంది.

మిగతా పద్ధతుల సంగతి

పులుపు వేస్తే జిగురు పోతుందంటారు. నిజమే, పులుపు జిగురును పలచబరుస్తుంది. రసం ఉండే కూరల్లో అది బాగా పనికొస్తుంది, అక్కడ జిగురంతా ఆ రసంలోనే ఉంటుంది కాబట్టి నష్టమూ లేదు. కానీ వేపుడులో మొదట్లోనే పులుపు పోస్తే తడి చేరుతుంది, ఆకుపచ్చ రంగు కూడా పోయి ముక్కలు మట్టి రంగుకు తిరుగుతాయి. నిమ్మరసం కావాలంటే వడ్డించే ముందు పిండుకోండి. అప్పుడైతే అందులోని విటమిన్ సి కూడా చెడకుండా దక్కుతుంది.

నూనెలో ముంచి వేయించేవాళ్లు జిగురు ఒక్క చుక్క కూడా లేదని గొప్పగా చెబుతారు. ఒక పెద్ద చెంచా నూనె అంటే దాదాపు 120 కేలరీలు. 33 కేలరీల కూరగాయను తీసుకుని నూనె పీల్చే స్పాంజిలా మార్చడం ఎందుకు? ఒంటికి మంచిదని తినేవాళ్లు ఆ దారి పట్టొద్దు.

ఇక బెండకాయ నీళ్లు. కాయలు చీల్చి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఆ నీళ్లు తాగి, కాయలు పారేసేవాళ్లు ఎక్కువైపోయారు. కరిగే పీచులో కొంత ఆ నీళ్లలోకి దిగుతుంది, కాదనను. కానీ కరగని పీచు, గింజలు, ఖనిజాల్లో చాలా భాగం పారేసిన కాయలోనే ఉండిపోతాయి. కాయ మొత్తం తినగలిగేవాళ్లు నానబెట్టిన నీళ్లతో ఎందుకు సరిపెట్టుకోవాలి?

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. బెండకాయ తింటే చక్కెర అదుపుకు కొంత సాయపడుతుందని చిన్న చిన్న పరిశోధనల్లో కనిపించింది. సాయం మాత్రమే. ఏదో వీడియో చూసి మాత్రలు ఆపేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. గర్భిణులకూ అంతే. కడుపులో బిడ్డ మెదడు, వెన్నుపాము సరిగ్గా ఏర్పడటానికి ఫోలేట్ కావాలి, బెండకాయలో అది ఉంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, అంటే మాత్రల్లో వాడే ఫోలేట్, ఇవ్వాలని చెబుతుంది. కూర తింటున్నాం కదా అని ఆ మాత్ర మానకూడదు.

ఎవరు జాగ్రత్తపడాలి?

విటమిన్ కె రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది, కాబట్టి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవాళ్లకు దాని హెచ్చుతగ్గులు పడవు. ఒక వారం రోజూ తిని, మరుసటి వారం మానేస్తే మందు మోతాదు లెక్క తప్పుతుంది. ఎంత తింటున్నారో డాక్టరుకు చెప్పి, ఎప్పుడూ అంతే తినండి. బెండకాయలో ఆక్సలేట్లు ఉంటాయి కాబట్టి కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు కూడా అడిగి తినడం మంచిది. కొందరికి కడుపు ఉబ్బరం వస్తుంది. పీచు అలవాటు లేనివాళ్లు మొదటి రోజే పళ్లెం నిండా పెట్టుకోకుండా, నాలుగు చెంచాలతో మొదలుపెట్టి, మంచినీళ్లు బాగా తాగండి.

మిగిలిన కూర వేడి మీద ఉండగా డబ్బాలో పెట్టి మూత బిగించొద్దు. ఇరవై నిమిషాలు నిలబడి పోగొట్టిన తడి ఆ మూతకు పట్టి మళ్లీ కూరలోకే దిగుతుంది. వెడల్పాటి పళ్లెంలో చల్లారనిచ్చి, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు వేడి చేసేటప్పుడు కూడా మూత లేని బాణలిలోనే, నీళ్లు చిలకరించకుండా.