పగడపు దిబ్బ మీద డిడెమ్నమ్ మోల్లే: గుర్తించడం, నమోదు చేయడం

చచ్చిన పగడం మీద బొటనవేలంత తెల్ల కుండలు గుంపుగా కనిపించి, వాటి లోపల ఆకుపచ్చ రంగు తొంగిచూస్తుంటే అక్కడ కాసేపు ఆగండి. చాలామంది స్పాంజి అని రాసేసుకుంటారు. అది డిడెమ్నమ్ మోల్లే అనే సీ స్క్వర్ట్ (ఒకచోట అతుక్కుని, నీటిని వడకట్టి తినే సముద్ర జీవి) కావచ్చు. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం మొదలుకొని అండమాన్, ఇండోనేషియా, గ్రేట్ బారియర్ రీఫ్, పసిఫిక్ దీవుల దాకా ఇది ఉంది.

ఒక్కో కుండ ఒక కాలనీ. గోడ నిండా ఒకటి రెండు మిల్లీమీటర్ల జూయిడ్లు, అంటే కాలనీలోని ఒక్కో చిట్టి జీవి, ఉంటాయి. బయట కనిపించే సన్నటి రంధ్రాలు వాటి నోళ్లు. అవి పీల్చి వడకట్టిన నీరంతా లోపలి ఖాళీలోకి చేరి, పైనున్న ఒకే పెద్ద మూతి గుండా బయటికి పోతుంది. లోపలి పచ్చదనం ప్రోక్లోరాన్ అనే సయనోబ్యాక్టీరియాది, అంటే వెలుగుతో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవిది. గోడకు తెల్లదనం ఇచ్చేవి సున్నపు ముళ్లు.

స్పాంజి అవునో కాదో తేల్చడానికి కాలనీని ముట్టుకోవక్కర్లేదు. చేత్తో నీటిని మెల్లగా దానివైపు తోసి చూడండి. సీ స్క్వర్ట్ అయితే మూతి ముడుచుకుంటుంది. స్పాంజిలో అంత తొందర కదలిక కనిపించదు. ఇంతకంటే ఎక్కువ పొరబాటు పడేది ఏట్రియోలమ్ రోబస్టమ్ అనే మరో సీ స్క్వర్ట్ దగ్గర. అదీ కుండే, అదీ పచ్చనే. కాకపోతే దాని బయటి రంధ్రాలు పెద్దవి, విడివిడిగా లెక్కపెట్టేలా ఉంటాయి.

తర్వాత మూడు ఫోటోలు తీయండి: పక్కనుంచి ఒకటి, పైనుంచి మూతి లోపలికి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి. ఫ్లాష్ మరీ దగ్గరగా కొడితే తెల్లదనం కాలిపోయి రంధ్రాలు మాయమవుతాయి. నీటిలో రాసుకునే పలక మీద లోతు, ఎండ తగిలే చోటా నీడా అన్నది తప్పక రాయండి. మా దృష్టిలో పేరు కంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే ఈ ప్రాణి రూపాన్ని వెలుగే దిద్దుతుంది. లోతు తక్కువ చోట కాలనీలు చిన్నవి, బాగా తెల్లనివి. ముళ్లు దట్టంగా ఉండి లోపలి ప్రోక్లోరాన్‌కు ఎండ గొడుగు పడతాయి. లోతుకు వెళ్లేకొద్దీ ముళ్లు తగ్గి, కుండలు పెద్దవై, బూడిద, గోధుమ రంగులకు తిరుగుతాయి. లోతు రాయకపోతే ఒకే జీవిని రెండుగా లెక్కేస్తారు. అలాగని రంగు తేడాలను కొట్టిపారేయకండి: జపాన్‌లోని ర్యుక్యు దీవుల్లో రంగును బట్టి జన్యువులూ వేరుగా ఉన్నాయని పరిశోధనల్లో తేలింది.

లెక్కకు 50×50 సెంటీమీటర్ల చట్రం చాలు. ఒక మూతి ఉంటే ఒక కాలనీ. ఒకే శరీరం మీద రెండు మూతులుంటే అది చీలుతోందని అర్థం. 'చీలుతోంది' అని విడిగా రాయండి. కాలనీలు మెల్లగా జరుగుతాయి కూడా. అందుకే నెల తర్వాత తిరిగొచ్చినప్పుడు గుర్తు పట్టాల్సింది పక్కనున్న పగడాన్ని, కుండను కాదు. గుంపులు ఒక్కచోటే ఎందుకుంటాయంటే చీలడం ఒకటి, లార్వా దూరం పోకపోవడం ఒకటి. తోకకప్పలాంటి ఆ లార్వా తల్లి దగ్గరి ప్రోక్లోరాన్‌ను మోసుకుని పగటిపూట బయలుదేరి, కొన్ని నిమిషాల్లోనే అతుక్కుంటుంది.

నమూనా తీయాలంటే ముందు అనుమతి ఉండాలి. అండమాన్‌లో వండూరు దగ్గరి మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు లాంటి చోట్ల అటవీశాఖను అడగాలి. పగడం వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉంది కాబట్టి దాన్ని విరిచి తేకూడదు. కాలనీని సముద్రపు నీటిలోనే ఉంచి, మెంథాల్ స్ఫటికాలు వేసి, తాకినా ముడుచుకోని దశ వచ్చేదాకా ఆగండి. తొందరపడితే జూయిడ్లు ముద్దగా ముడుచుకుని సూక్ష్మదర్శినిలో ఏదీ తెలియదు. ఆ తర్వాత ఒక వంతు ఫార్మలిన్‌కు తొమ్మిది వంతుల సముద్రపు నీరు, అందులో కాస్త బోరాక్స్ కలిపి, కాలనీని అందులో నిల్వ చేయండి. బోరాక్స్ మరిస్తే ఫార్మలిన్ ఆమ్లంగా మారి సున్నపు ముళ్లను కరిగించేస్తుంది. జాతిని తేల్చే ఆధారాల్లో అవి ముఖ్యమైనవి. డీఎన్ఏ కోసం ఒక చిన్న ముక్కను విడిగా 95 శాతం ఇథనాల్‌లో వేయండి. ఇథనాల్‌లో పచ్చరంగు దిగిపోతుంది కాబట్టి ఫోటో నంబరును సీసా లోపలి చీటీ మీద పెన్సిల్‌తో రాయండి.