ఈఎండీఆర్ థెరపీ మొదలుపెట్టే ముందు ఎలా సిద్ధమవ్వాలి?

యాక్సిడెంట్ జరిగి రెండేళ్లయింది, కాలికి వేసిన రాడ్డు కూడా తీసేశారు. అయినా వెనక నుంచి లారీ హారన్ వినిపిస్తే అరచేతులు చెమటతో తడిసిపోయేవి. కళ్ల కదలికల సాయంతో పాత జ్ఞాపకాల బాధను తగ్గించే ఈఎండీఆర్ అనే మానసిక చికిత్స చేయించుకోమని డాక్టరు గారు చెప్పినప్పుడు నాకు పట్టుకున్న భయం ఒక్కటే: అదంతా మళ్లీ మొదటి నుంచీ చెప్పాలా?

అక్కర్లేదు. ఈ థెరపీలో జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాల్సిన పని లేదు. అమెరికన్ సైకాలజిస్టు ఫ్రాన్సీన్ షాపిరో 1987లో దీనికి శ్రీకారం చుట్టారు. బాధపెట్టే జ్ఞాపకాన్ని కాసేపు మనసులో ఉంచుకుని, అటూ ఇటూ కదిలే థెరపిస్టు వేళ్లను కళ్లతో అనుసరిస్తారు. కొందరికి కళ్లకు బదులు రెండు చేతుల మీద మార్చి మార్చి తడతారు. ఇది హిప్నాటిజం కాదు, మీరు పూర్తి స్పృహలోనే ఉంటారు. జ్ఞాపకం చెరిగిపోదు, అది పెట్టే బాధ తగ్గుతుంది. కళ్ల కదలిక ఎలా పనిచేస్తుందన్న దానిపై పరిశోధకుల్లో ఇంకా వాదన ఉంది. కానీ పీటీఎస్‌డీకి, అంటే ఘోరమైన సంఘటన తర్వాత వదలకుండా వేధించే మానసిక సమస్యకు, ఈ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సిఫార్సు చేసింది.

మొత్తం ఎనిమిది దశలు. వాటిలో రెండోదాని పేరే సన్నాహం. దాన్ని తొందరగా దాటేయాలని మాత్రం అనుకోకండి.

1. సరైన మనిషిని వెతకండి

సైకియాట్రిస్టు కానీ, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టు కానీ అయితే మంచిది. డిగ్రీ ఒక్కటే చాలదు. ఈఎండీఆర్‌లో విడిగా శిక్షణ తీసుకున్నారా, ఎక్కడ తీసుకున్నారు, మీలాంటి సమస్యతో వచ్చినవాళ్లను చూశారా అని మొహమాటపడకుండా అడగండి. మొదటి రోజే వేళ్లు ఆడిస్తూ "జరిగినది గుర్తు తెచ్చుకోండి" అనేవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లకండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. "నా వల్లే జరిగింది", "నేను దేనికీ పనికిరాను" లాంటి లోపలి మాటల మీదే ఈ థెరపీ పనిచేస్తుంది. అవి మనకు తెలుగులోనే వస్తాయి. థెరపిస్టుకు తెలుగు రాకపోయినా, ఆ ఒక్క వాక్యం తెలుగులో అనుకుంటానని చెప్పండి.

2. ఏదీ దాచకండి

ఫిట్స్, కంటి జబ్బులు, గర్భం, వాడుతున్న మాత్రలు, తాగుడు అలవాటు, ఉన్నట్టుండి మనసు ఎటో వెళ్లిపోయి చుట్టూ ఏం జరుగుతోందో తెలియకపోవడం, చచ్చిపోవాలనే ఆలోచనలు: ఇవన్నీ ముందే చెప్పాలి. మాత్రలు సొంతంగా మానేయకండి. ఇంట్లో హింస ఇంకా జరుగుతుంటే ముందు అందులోంచి బయటపడే దారి చూడాలి. ఆడవాళ్లకు 181 హెల్ప్‌లైన్ ఉంది.

3. జ్ఞాపకాలకు పేర్లు మాత్రమే రాయండి

థెరపిస్టు మీ గతం అడుగుతారు. "ఆరో తరగతి, దెబ్బలు", "హైవే, లారీ" అన్నట్టు రెండు మూడు మాటల్లో రాసుకుంటే చాలు. పక్కనే సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయండి. అసలు బాధ లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది. రాత్రి పూట ఒంటరిగా కూర్చుని రాయకండి. రాస్తుంటే గుండె దడ పెరిగితే పుస్తకం మూసేసి లేచిపోండి.

4. తిరిగి వచ్చే చోటు కట్టుకోండి

నా దృష్టిలో అసలైన పని ఇదే. జ్ఞాపకంలోకి వెళ్లడం కష్టం కాదు, అది రోజూ మనల్ని లాక్కెళ్తూనే ఉంది. వెనక్కి రావడమే నేర్చుకోవాలి.

మనసుకు హాయిగా ఉండే ఒక చోటును ఎంచుకోమంటారు. నేను ముందు అమ్మమ్మ ఇంటి వరండా అనుకున్నాను. రెండు నిమిషాలకే అమ్మమ్మ పోయిన రోజు కళ్ల ముందుకొచ్చి ఏడుపు ఆగలేదు. "ఇంకోటి చూద్దామండి" అన్నారు థెరపిస్టు. అందుకే పోయినవాళ్లు గుర్తొచ్చే చోటు వద్దు. చివరికి కోతలయ్యాక మా పొలంలో వేసే గడ్డివాము నిలిచింది. ఎండుగడ్డి వాసన, వీపుకు తగిలే వెచ్చదనం, గోరింకల గోల. రోజూ ఐదు నిమిషాలు, మనసు బాగున్నప్పుడే, అక్కడ కూర్చునేదాన్ని. పది రోజులకు "గడ్డివాము" అనుకుంటే చాలు, భుజాలు దిగేవి.

ఇంకో రెండు కూడా సాధన చేయండి. చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, భుజాల దగ్గర కుడి ఎడమలుగా మెల్లగా తట్టుకోవడం ఒకటి. మెక్సికోలో తుఫానుకు దెబ్బతిన్న పిల్లల కోసం పుట్టిన పద్ధతి ఇది, దీన్ని సీతాకోకచిలుక కౌగిలి అంటారు. రెండోది, తేలని విషయాన్ని మనసులోనే ఓ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయడం, మళ్లీ సెషన్‌లోనే తీయడం.

ఆపమనడానికి చెయ్యెత్తడం లాంటి సైగ ఒకటి థెరపిస్టుతో ముందే అనుకుంటారు. చెయ్యిని నిజంగా ఎత్తి చూడండి. డాక్టరు గారి మాటకు అడ్డు చెప్పకూడదని పెరిగినవాళ్లం కదా, అవసరమైనప్పుడు చెయ్యి లేవదు.

5. ఆ రోజును ఖాళీగా ఉంచుకోండి

సెషన్ గంట నుంచి గంటన్నర పడుతుంది. తర్వాత ఆఫీసు, పెళ్లిళ్లు, పేరంటాలు పెట్టుకోకండి. బండి మీరు నడపకండి. ఒకటి రెండు రోజులు కలలు, అలసట, ఊరికే కన్నీళ్లు రావచ్చు. వాటిని చిన్న పుస్తకంలో రాసి తీసుకెళ్లండి. "ఏం చెప్పావు, ఏమన్నారు" అని అడగొద్దని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. అన్నం పెట్టి పక్కన కూర్చుంటే చాలు.

ఒక్క ఘటనకు సంబంధించిన బాధైతే చాలామందికి ఆరు నుంచి పన్నెండు సెషన్లు పడుతుంది. చిన్నప్పటి నుంచీ పడ్డదైతే ఇంకా ఎక్కువే.

నాకు సన్నాహానికే మూడు సెషన్లు పట్టింది. నాలుగోసారి వెళ్లేసరికి కుర్చీలు ఎదురెదురుగా కాకుండా, పక్కపక్కన కాస్త ఏటవాలుగా వేసి ఉన్నాయి. థెరపిస్టు రెండు వేళ్లు ఎత్తి, "ఈ దూరం మీకు బాగానే ఉందా?" అని అడిగారు. కొంచెం వెనక్కి జరపమన్నాను.