పాత కారు వెలిసిన రంగుకు నిగారింపు తెచ్చే విధానం

మా నాన్నగారి ఎర్ర మారుతి 800 పాలకొల్లులోని మా ఇంటి ముందు ఏళ్ళ తరబడి ఎండకు నిలబడి, చివరకు టాపు మీద వేలితో రాస్తే గులాబీ రంగు పొడి అంటుకునే స్థితికి వచ్చింది. చూసినవారందరూ కొత్తగా పెయింటు కొట్టించమన్నారు గాని, ఆ అవసరం కలగలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగు రేణువులను పట్టి ఉంచే రెసిన్‌ను దెబ్బతీయడం వల్ల పైపొర సున్నపు గోడలా పొడి రాలుతుంది. దాని కిందనున్న రంగు చాలా సందర్భాలలో బాగానే ఉంటుంది. ఆ చచ్చిన పొరను తీసివేయడమే ఇక్కడ చేసే పని. అంటే కారుకు కొత్తగా రంగేదీ పూయడం లేదు, ఉన్న పెయింటునే కొంత అరగదీస్తున్నాం. కనుక ఎంత మిగిలి ఉందో తెలుసుకోకుండా చేయి వేయకూడదు.

కారుకు ఉన్నది ఏ రకం పెయింటో ముందుగా తేల్చుకోవాలి. కంటికి కనిపించని ఒక మూల, కొద్దిగా పాలిష్‌ను తెల్ల గుడ్డతో రుద్ది చూస్తే, గుడ్డకు కారు రంగు అంటినట్లయితే అది ఒకే పొర పెయింటు. అంటకపోతే రంగు మీద క్లియర్ కోటు, అంటే రంగులేని పారదర్శక పొర, ఉన్నదని అర్థం. తెల్ల కారుకైతే నల్ల గుడ్డ వాడాలి, లేకపోతే ఏమీ తెలియదు. మెటాలిక్ రంగులకు దాదాపు ఎప్పుడూ క్లియర్ కోటు ఉంటుంది. కంపెనీ వేసిన పెయింటు అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లకు మించదు. ఆ క్లియర్ కోటు చేప పొలుసుల్లా లేచిపోతుంటే, లేదా డోర్ల అడుగున తుప్పు పొక్కులు కనిపిస్తుంటే, ఎంత రుద్దినా ప్రయోజనం లేదు. అది పెయింటరు దగ్గరకు వెళ్ళవలసిన బండి.

డెల్టాలో ఈ పనికి నాకు నచ్చిన కాలం సంక్రాంతి వెళ్ళాక, నూర్పిళ్ళ దుమ్ము అణిగిన తరువాత, మాఘమాసపు ఉదయాలు. మంచు ఆరాక, ఎండ ముదరక ముందు, నీడలో, రేకు మీద అరచెయ్యి పెడితే చల్లగా తగిలే వేళ మొదలుపెట్టాలి.

కడగడాన్ని చాలామంది చిన్న పనిగా చూస్తారు గాని, నా దృష్టిలో సగం కార్లు పాడయ్యేది ఇక్కడే. రైస్ మిల్లుల పొగగొట్టాల నుంచి వచ్చి వాలే ఊక బూడిదలో అధికభాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. దానిని పొడిగుడ్డతో తుడిచినవారు తమ కారును తామే గీకుకున్నట్లు. ముందు నీళ్ళు ధారగా పోసి బూడిదను జార్చివేసి, తరువాత కారు షాంపూతో, రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదానిలో గుడ్డను జాడిస్తూ కడగాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉండి, ఆరితే తెల్ల మరకలు మిగులుస్తాయి కనుక, చివరి తడుపుకు ఒక టిన్ను మంచినీళ్ళు ఖర్చుపెట్టి వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది ఆరబెట్టడం మేలు. ఆ తరువాత కూడా చేతికి గరుకు తగిలితే, షాంపూ నీళ్ళు చల్లుతూ క్లే ముద్దతో (పెయింటుకు అతుక్కున్న మురికిని లాగే బంకమన్ను లాంటి ముద్ద) మెత్తగా రుద్దాలి. ముద్ద నేల మీద పడితే దానిని పారవేయవలసిందే.

బానెట్ అంచులు, మడత గీతలు, రబ్బరు బీడింగులు, నల్ల ప్లాస్టిక్కు భాగాలు అన్నిటికీ మాస్కింగ్ టేపు అంటించాలి. అంచుల దగ్గర పెయింటు పలచగా ఉంటుంది. నేను మొదటిసారి గుండ్రంగా తిరిగే బఫింగ్ మిషన్ అద్దెకు తెచ్చి, టేపు వేయడానికి బద్ధకించి, బానెట్ అంచు మీద రెండు క్షణాలు నిలిపానో లేదో, ఎరుపు పోయి, దాని కిందుండే బూడిద రంగు ప్రైమర్ పూత నాణెం అంత మేర బయటపడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అలవాటు లేనివారు డ్యూయల్ యాక్షన్ మిషన్ వాడడమే క్షేమం. అది తిరుగుతూ అదురుతుంది గనుక ఒకే చోట వేడి పుట్టించడం తక్కువ.

ముందు ఒక అడుగు చదరంలో, మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో, తక్కువగా అరగదీసే పాలిష్‌తో ప్రయత్నించి, చాలకపోతేనే అంతకంటే గరుకైన రబ్బింగ్ కాంపౌండుకు పోవాలి. ప్యాడ్ మీద నాలుగు బొట్లు చాలు. మిషన్‌ను నెమ్మదిగా, ఒక వరుస మీద సగం మరో వరుస పడేలా, ముందు అడ్డంగాను తరువాత నిలువుగాను నడపాలి. ఒకే పొర పెయింటులో ప్యాడ్ నిండా రంగు ఎక్కుతుంది, దానికి కంగారు పడనక్కరలేదు గాని, ప్రతి చదరం తరువాత బ్రష్‌తో ప్యాడ్‌ను దులపకపోతే ఆ పొడే మళ్ళీ గీతలు పెడుతుంది. బాగా ఎండిపోయిన ఒకే పొర పెయింటుకు మాత్రం, నూనె ఎక్కువగా ఉండే గ్లేజ్‌ను (మెరుపునిచ్చే పూత) ముందురోజు రాత్రి దట్టంగా పట్టించి వదిలితే, మర్నాటికి ఆ రంగు కొంత తడి తాగినట్లయి తక్కువ రుద్దుడుతోనే లొంగుతుంది. వాటర్ పేపర్ (నీళ్ళతో తడిపి రుద్దే గరుకు కాగితం) జోలికి ఇంట్లో పోవద్దనే నా సలహా.

కిరసనాయిలు పూసి తుడిస్తే కారు మెరుస్తుందన్న మాట మన వైపు ఇంకా వినబడుతుంది. మెరుస్తుంది, అయితే ఆ తడి ఆరేవరకే. పైగా ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది.

కాంపౌండు గీతలను సన్న పాలిష్‌తో తీసివేసి, జిడ్డు తుడిచి, అదే రోజు వ్యాక్స్ గాని సీలెంట్ (కృత్రిమ రక్షణ పూత) గాని పట్టించాలి, ఎందుకంటే కొత్తగా బయటపడిన రంగుకు ఎండ నుంచి వేరే అడ్డు లేదు. నీళ్ళు పోసినప్పుడు బొట్లుబొట్లుగా నిలవక పలచగా పరుచుకుంటే, మళ్ళీ వ్యాక్స్ వేయవలసిన సమయం వచ్చిందన్నమాట. మన ఎండలకు అది రెండు మూడు నెలల్లోనే రావచ్చు. నీడకోసం బండిని కొబ్బరిచెట్టు కింద పెట్టే అలవాటు ఉంటే మానుకోవాలి: కాయ పడితే వచ్చే సొట్ట టింకరింగ్‌కు పోతుంది గాని పాలిష్‌కు పోదు.